‘విధేయురాలు’ అని రాశాను

చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పుస్తకం పట్టుకుని కూర్చున్న పిల్లల్ని ఎవరైనా అడిగే మాట ఒకటే: ‘గ్రూప్ వన్నా, టూనా?’ అశోక్‌నగర్ గాలే అలాంటిది. రెండడుగులకో కోచింగ్ సెంటరు, నాలుగడుగులకో జిరాక్స్ షాపు, మేడ మీద స్టడీ హాలు, కింద టిఫిన్ బండి. అక్కడ ఒకమ్మాయి హెర్‌స్టీన్ ఆల్జీబ్రా పుస్తకం ముందేసుకుని కూర్చుంటే పక్క కుర్రాడు జాలిపడి అడిగాడట, ‘ఇది ఏ పేపర్ల వస్తదక్కా?’ అని. ఏ పేపర్లోనూ రాదంది. ‘మరెందుకు సదువుతున్నవ్?’

ఆ అమ్మాయి నా స్టూడెంటు. కుర్రాడికి ఏం చెప్పాలో తెలియక నవ్వి ఊరుకున్నానని నాతో అంది. ఆ జవాబు నేను చెబుతాను.

నారాయణగూడలో ఒక చిన్న డిగ్రీ కాలేజీలో 33 ఏళ్ళు లెక్కలు చెప్పి 2019లో రిటైరయ్యాను. చిన్నదంటే నిజంగా చిన్నదే. మూడంతస్తుల మేడ, ఒకే మెట్లదారి, ఎంపీసీ సెక్షన్లో నలభై మంది. లెక్కల డిపార్ట్‌మెంటు అంటే నేను, ఇంకొకాయన, ఓ గోద్రెజ్ బీరువా. అలాంటి చోట బీఎస్సీ చదివి లెక్కల్లో పీహెచ్‌డీకి వెళ్ళొచ్చా అని అడిగితే, వెళ్ళొచ్చు. వెళ్ళినవాళ్ళు ఉన్నారు. కాకపోతే ఎలా వెళ్ళాలో నోటీసు బోర్డు మీద ఎవరూ అంటించరు. నాకే చాలా ఏళ్ళు తెలియలేదు. తెలియక ఒక పిల్లకి అన్యాయం చేశాను.

అది 1998. మా దగ్గర బీఎస్సీ, ఆ తర్వాత ఎమ్మెస్సీ చేసిన పిల్ల అమెరికా యూనివర్సిటీలకి పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టుకుంటూ నన్ను సిఫారసు ఉత్తరం అడిగింది. కాలేజీ లెటర్‌హెడ్ మీద టైపు చేయించాను. క్లాసుకి క్రమం తప్పకుండా వచ్చేది, కష్టపడి చదివేది, పెద్దలంటే గౌరవం, విధేయురాలు, సత్ప్రవర్తన కలది. పెళ్ళిచూపులకి పంపినట్టు రాశాను. ఆరు యూనివర్సిటీలు, ఆరు డిమాండ్ డ్రాఫ్టులు, అబిడ్స్ జీపీఓ నుంచి ఆరు ఎయిర్‌మెయిల్ కవర్లు. మార్చిలో ఒక్కొక్కటిగా ఆరు సన్నటి కవర్లు వచ్చాయి. ఆరింట్లోనూ ‘విచారిస్తున్నాం’. ఆ పిల్ల ఇప్పుడు డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్‌లో ఉంది, బాగానే ఉంది. దసరాకి ఫోన్ చేస్తుంది. లెక్కల మాట మాత్రం తేదు.

చాలా రోజులకి ఒక వర్క్‌షాపులో, అమెరికాలో అడ్మిషన్ల కమిటీలో కూర్చున్న ప్రొఫెసరు ఒకాయన కలిశారు. నా ఉత్తరం నకలు చూపించాను. చదివి, కళ్ళద్దాలు తీసి, ‘అమ్మా, ఇందులో ఆ అమ్మాయి ఎక్కడుంది?’ అన్నారు.

అక్కడి పద్ధతి అప్పుడే సరిగ్గా అర్థమైంది. అమెరికాలో పీహెచ్‌డీకి మనలా ఎంట్రన్సు ర్యాంకు ఉండదు. ఫైలు ఉంటుంది. చదివిన కోర్సులు, మార్కులు, మన గురించి మనం రాసుకునే రెండు పేజీలు, సాధారణంగా మూడు సిఫారసు ఉత్తరాలు. కొన్నిచోట్ల జీఆర్ఈ మ్యాథ్స్ సబ్జెక్ట్ పరీక్ష, 66 ప్రశ్నలు, కూడా అడుగుతారు. కోవిడ్ తర్వాత చాలా డిపార్ట్‌మెంట్లు దాన్ని పక్కన పెట్టాయి. చాలాచోట్ల గడువు డిసెంబర్‌లోనే. ఆఫర్ వస్తే ఏప్రిల్ 15 లోపు వస్తామో రామో చెప్పాలి. సీటొచ్చినవాళ్ళకి మామూలుగా ఫీజు ఉండదు, బీఎస్సీ పిల్లలకి పాఠాలు చెప్పి, పేపర్లు దిద్దినందుకు స్టైపెండ్ ఇస్తారు. ఐదారేళ్ళు పడుతుంది. ఇంకో చిక్కుంది. మన మూడేళ్ళ బీఎస్సీని చాలా యూనివర్సిటీలు పూర్తి డిగ్రీగా లెక్కపెట్టవు. అందుకే మనవాళ్ళలో ఎక్కువమంది ఎమ్మెస్సీ అయ్యాకే వెళ్తారు.

మార్కులు దరఖాస్తు పెట్టిన వాళ్ళందరికీ ఉంటాయి. నారాయణగూడ కాలేజీలో వచ్చిన 92 శాతం ఎంత బరువో అక్కడ కూర్చున్నవాళ్ళకి తెలియదు. కాబట్టి చూపు ఉత్తరం మీద పడుతుంది. ఈ పిల్ల ఒక్క లెక్కతో ఎన్నాళ్ళు కూర్చోగలదు, దారి మూసుకుపోతే ఏం చేస్తుంది, పుస్తకంలో ఉన్నది నమ్మేస్తుందా, గిల్లి చూస్తుందా? విధేయత వాళ్ళకి అక్కర్లేదు. ఆ మాటకొస్తే లెక్కల్లో విధేయత ఒక లోపం.

అక్కడా చిన్న కాలేజీలున్నాయి, లిబరల్ ఆర్ట్స్ కాలేజీలంటారు. లెక్కల విద్యార్థి చరిత్ర, సాహిత్యం కూడా చదవాలి. కాలిఫోర్నియాలో హార్వీ మడ్‌లో మొత్తం విద్యార్థులు వెయ్యి మంది కూడా ఉండరు. మసాచుసెట్స్‌లో విలియమ్స్ కాలేజీకి లెక్కల్లో పీహెచ్‌డీ కోర్సే లేదు. అయినా అక్కడ చదివినవాళ్ళు పెద్ద యూనివర్సిటీలకి పీహెచ్‌డీకి వెళ్తుంటారు. పాఠం చెప్పేవాళ్ళు తామూ పరిశోధన చేసేవాళ్ళే కావడం ఒక కారణం. విలియమ్స్‌లో 1988 నుంచి ‘స్మాల్’ అనే పేరుతో వేసవిలో డిగ్రీ పిల్లల్ని చిన్న చిన్న జట్లుగా కూర్చోబెట్టి నిజమైన పరిశోధన సమస్యలే ఇస్తున్నారు. రెండో కారణం, ఉత్తరం కింద సంతకం ఎవరిదో చదివేవాళ్ళకి తెలుసు. నా సంతకం ఎవరికి తెలుసు?

అలాగని వాళ్ళకి లోటు లేదనుకోకండి. చిన్న కాలేజీలో పైస్థాయి కోర్సులు తక్కువ, దాంతో పీహెచ్‌డీ మొదటి ఏడాది కాళ్ళు తడబడతాయి. బ్రిన్ మార్, స్పెల్మన్ అనే రెండు మహిళా కాలేజీల ప్రొఫెసర్లు రోండా హ్యూస్, సిల్వియా బోజ్‌మన్ 1998లో ‘ఎడ్జ్’ అనే వేసవి శిక్షణ మొదలుపెట్టింది ఇందుకే. పీహెచ్‌డీలో చేరబోయే అమ్మాయిలకి ముందుగానే ఆ వేడి తగిలించి పంపిస్తారు.

మనవాళ్ళు వెనకబడ్డారనుకునేవాళ్ళకి ఒక మాట. మన దేశంలో అలాంటి ఆలోచన అంతకు ఐదేళ్ళ ముందే, 1993లో మొదలైంది. దాని సంగతి చెప్పే ముందు హెర్‌స్టీన్ అమ్మాయి గురించి చెప్పాలి.

తెలుగు మీడియంలో ఇంటర్ చదివి 2010లో మా దగ్గర చేరింది. నాన్నకి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర కర్రీ పాయింట్. రెండో ఏడాది రియల్ అనాలిసిస్ చెబుతున్నాను. తెలుగు అకాడమీ పుస్తకాల్లో దాన్ని వాస్తవ విశ్లేషణ అంటారు. ఒక అనుక్రమం ఒక అవధి దగ్గరికి చేరడాన్ని అభిసరణ అంటారు. అభిసారికలో ఉన్న అభిసరణే! ప్రియుడి దగ్గరికి వెళ్ళే నాయిక మాటని తెచ్చి లెక్కల్లో ఎవరు పెట్టారో గానీ వాళ్ళకి దణ్ణం పెట్టాలి. ఇంగ్లీషు మీడియం పిల్లలకి ఈ భాగ్యం లేదు.

ఆ రోజు క్లాసులో ఒక ప్రశ్న వేశాను. పక్కపక్క పదాల మధ్య తేడా తగ్గుతూ తగ్గుతూ సున్నా వైపు పోతుంటే ఆ అనుక్రమం అభిసరిస్తుందా? నలభై మందీ ‘అవును మేడమ్’ అన్నారు. బోర్డు మీద వర్గమూలాలు రాశాను. 1, రూట్ 2, రూట్ 3, రూట్ 4. తేడాలు 0.41, 0.32, 0.27. పదివేల దగ్గరికి వెళ్ళేసరికి తేడా 0.005. కానీ విలువ వంద దాటింది, ఇంకా పెరుగుతూనే ఉంటుంది. ‘మెట్టు ఎత్తు తగ్గుతున్నా ఎక్కుడు ఆగదు మేడమ్’ అంది ఈ పిల్ల వెనక బెంచీ నుంచి. బాగుందని మెచ్చుకుని పాఠం ముగించాను.

బెల్లు కొట్టాక మెట్ల దగ్గర పట్టుకుంది. ‘మేడమ్, పైకి ఎక్కుతా పోయింది కాబట్టి ఆగలే. పైన స్లాబ్ ఏసేస్తే? సున్నాకి, ఒకటికి నడుమనే తిరగాలి అని కట్టేస్తే? అప్పుడు ఆగాలి గద?’ నాకు జవాబు తెలుసు. చెప్పలేదు. నా మొత్తం ఉద్యోగంలో చేసిన మంచి పని ఏదైనా ఉంటే, ఆ రోజు నోరు మూసుకోవడమే.

మూడు రోజులు క్లాసులో పరాకుగా ఉంది. నాలుగో రోజు మధ్యాహ్నం కారిడార్లోకి పిలిచింది. ఈ చివర నుంచి ఆ చివరికి ఒక గీత గీసి ‘ఇది ఒక్క అంగ అనుకోండి మేడమ్’ అంది. వెనక్కి వచ్చేటప్పుడు రెండు అంగల్లో వచ్చింది. మళ్ళీ వెళ్ళేటప్పుడు మూడు, వచ్చేటప్పుడు నాలుగు. పదోసారికి కారిడార్‌ని పది ముక్కలు చేసి పది అడుగులు. అడుగు ప్రతిసారీ చిన్నదవుతోంది, సున్నా వైపే పోతోంది. కారిడార్ దాటి బయటికి పోవడం లేదు. ఎక్కడా నిలవడమూ లేదు, ఈ గోడ ముట్టుకుని ఆ గోడకి, ఆ గోడ ముట్టుకుని ఈ గోడకి. ‘ఆగదు మేడమ్!’ అంది రొప్పుతూ. అటెండర్ రాములు చీపురు పట్టుకుని నిలబడిపోయాడు. పుస్తకాల్లో దీనికి మామూలుగా ఇచ్చే ఉదాహరణ సైన్ ఆఫ్ రూట్ ఎన్. ఈ పిల్ల ఏ పుస్తకమూ చూడకుండా నడిచి చూపించింది.

మరుసటి ఏడాది ఆ అమ్మాయికి నేను రాసిన ఉత్తరంలో విధేయురాలన్న మాట లేదు. కారిడార్ ఉంది. ఆ ప్రశ్న తనంతట తనే వేసుకుందని, మూడు రోజులు వదల్లేదని, జవాబు ఎవరినీ అడగలేదని రాశాను. ఇంగ్లీషు నెమ్మది, లెక్క వేగం అని కూడా రాశాను. దాచాల్సిన పనేముంది? పెద్ద కాలేజీలో రెండొందల మంది క్లాసులో ఈ ఉత్తరం ఎవరూ రాయలేరు. వాళ్ళకి మార్కుల లిస్టే తెలుస్తుంది. మనకి పిల్ల తెలుస్తుంది. చిన్న కాలేజీకి ఉన్న ఒకే ఒక్క ఆస్తి అది, దాన్ని మనం ‘సత్ప్రవర్తన’ కింద వృథా చేస్తున్నాం.

ఆ ఉత్తరం అమెరికాకి కాదు, మొదట ఎంటీటీఎస్‌కి వెళ్ళింది. 1993లో మొదలైందన్నది ఇదే. మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్. మొదలుపెట్టినాయన ఎస్.కుమరేశన్, తర్వాతి కాలంలో మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ పనిచేశారు. అణుశక్తి విభాగం కింద 1983లో ఏర్పడిన జాతీయ ఉన్నత గణిత బోర్డు, అదే ఎన్‌బీహెచ్‌ఎం, డబ్బిచ్చి ఆదుకుంది. వేసవిలో నాలుగు వారాలు. బీఎస్సీ పిల్లలకి, ఎమ్మెస్సీ పిల్లలకి వేర్వేరు స్థాయిలు. తిండి, వసతి, స్లీపర్ క్లాస్ రైలు ఛార్జీ వాళ్ళే ఇస్తారు. అక్కడ నోట్సు డిక్టేషన్ ఉండదు. మేష్టారు ప్రశ్న వేసి ఆగుతారు. నువ్వు మాట్లాడేదాకా ఆగుతారు. తప్పు చెబితే ఎందుకు తప్పో నీచేతే చెప్పిస్తారు. మన డిగ్రీ క్లాసుల్లో ‘క్యూఈడీ’ దాకా బట్టీపట్టి వచ్చిన పిల్లలకి మొదటి వారం ఏడుపొస్తుంది. మా పిల్ల నాలుగో రోజు ఫోన్ చేసి ‘నాకేం రాదని తెలిసింది మేడమ్’ అంది, సంతోషంగా. నెల తిరిగేసరికి నాతోపాటు ఇంకో ఇద్దరు మేష్టార్లు, పేరున్నవాళ్ళు, ఆ పిల్ల గురించి ఉత్తరం రాయగలిగే స్థితికి వచ్చారు. చిన్న కాలేజీ పిల్లలు వేసవి శిబిరాలకి వెళ్ళాలనడంలో అసలు మర్మం ఇదే. చదువు ఎలాగూ వస్తుంది. తెలిసిన సంతకం కూడా వస్తుంది. సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్పులు కూడా ఇలాంటివే.

ఇక మన దేశంలో దారి. ఇక్కడ ఫైలు కంటే పరీక్ష ముఖ్యం, అది చిన్న కాలేజీ పిల్లలకి ఒక రకంగా వరం. పరీక్ష పేపరుకి నీ కాలేజీ పేరు తెలియదు. ఎమ్మెస్సీకి ఐఐటీల ‘జామ్’, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, ఐఎస్ఐ వాళ్ళ పరీక్షలు, సెంట్రల్ యూనివర్సిటీకి ఇప్పుడు సీయూఈటీ పీజీ, ఉస్మానియాకి సీపీగెట్. పీహెచ్‌డీకి టీఐఎఫ్ఆర్ పరీక్ష, ఎన్‌బీహెచ్‌ఎం పరీక్ష, అన్నిటికంటే ఎక్కువమంది రాసే సీఎస్ఐఆర్ నెట్. నెట్ లెక్కల పేపర్లో పార్ట్ సి చూస్తే ఎవరిది ఎలాంటి చదువో తేలిపోతుంది. 60 ప్రశ్నలుంటాయి, 20 రాస్తే చాలు, ఒక్కోదానికి 4.75 మార్కులు. నాలుగు వాక్యాలిచ్చి ఏవేవి నిజమో అన్నీ గుర్తించమంటారు. ఒక్కటి వదిలేసినా సున్నా. నెగెటివ్ మార్కులు లేవు కదా అని గుడ్డిగా కొడితే తగలదు. ప్రతి వాక్యానికీ ‘నిజమేనా, ఎదురు ఉదాహరణ ఉందా’ అని వెతికే అలవాటుండాలి. కారిడార్లో నడిచే అలవాటు అన్నమాట. అశోక్‌నగర్ పద్ధతిలో బిట్లు బట్టీపడితే పార్ట్ ఎ దాటొచ్చు, అంతే.

రాతపరీక్ష గట్టెక్కాక ఇంటర్వ్యూ. ‘నీకిష్టమైన సబ్జెక్టు ఏది?’ అంటారు. అక్కడ గొప్పకి పోయి టోపాలజీ అంటే, కాంపాక్ట్ అంటే ఏమిటి, ఒక ఉదాహరణ, ఒక ఎదురు ఉదాహరణ, అని లాక్కుపోతారు. నిజంగా తెలిసిన సబ్జెక్టు చెప్పాలి, అది లీనియర్ ఆల్జీబ్రా అయినా సరే. నా కాలంలో, 1984లో, ఒక యూనివర్సిటీ ఇంటర్వ్యూలో నన్ను కాంపాక్ట్ గురించి అడగలేదు. పెళ్ళెప్పుడు చేసుకుంటావని అడిగారు. సీటు రాలేదు. ఇక ఆ సంగతి వదిలేద్దాం.

మా అమ్మాయి 2013లో సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీలో చేరింది. 2015లో నెట్‌లో జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్, వచ్చింది. అప్పుడు వాళ్ళ నాన్న కర్రీ పాయింట్ మూసేసి రాత్రి పదింటికి మా ఇంటికొచ్చాడు. ‘మేడమ్, పిల్లకి ఇరవై రెండేండ్లు. ఇంక అయిదేండ్లు సదువంటే ఎట్ల మేడమ్? నేను ఏడికెల్లి తేవాలె?’ అన్నాడు. తేనక్కర్లేదు, నెలకి పాతికవేలు వాళ్ళే ఇస్తారన్నాను. ఒక్క నిమిషం మాట్లాడలేదు. ‘సదువుకుంటే ఆళ్ళే ఇస్తరా?’ అప్పటి జేఆర్ఎఫ్ 25 వేలు, 2019లో 31 వేలైంది, 2023 జనవరి నుంచి 37 వేలు, హెచ్ఆర్ఏ వేరు. ఈ ఒక్క అంకె తెలియక ఎన్ని ఇళ్ళల్లో ‘పీహెచ్‌డీ వద్దు’ అనేస్తున్నారో. అంతకు ముందు నలుగురికి ఎందుకు చెప్పలేకపోయానా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దారి తెలియడమే మనకి ఎప్పుడూ అదృష్టం మీద ఆధారపడుతోంది. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావుగారి కథ అంతే కదా. 1940లో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఫస్టొచ్చారు. రీసెర్చి స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు ఆలస్యమై పోయింది. యుద్ధం రోజులు, మిలిటరీ సర్వేలో ఉద్యోగానికి కలకత్తా వెళ్ళారు, అదీ రాలేదు. బస చేసిన హోటల్లో ఒకాయన తగిలి, ఇక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అని ఒకటుంది, నేను అక్కడే శిక్షణ తీసుకుంటున్నానన్నాడు. 1941 జనవరిలో రావుగారు అందులో చేరారు. 1948కి కేంబ్రిడ్జి పీహెచ్‌డీ. 2023లో, 102 ఏళ్ళ వయసులో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని ఆ ఆగస్టులోనే పోయారు. మన ఊళ్ళో ఆయన పేరుతో రోడ్డుంది. హోటల్లో ఆ మనిషి తగలకపోతే? ఎనభై ఏళ్ళు దాటినా మన పిల్లలు ఇంకా ఆ హోటల్ మనిషి కోసమే ఎదురుచూడడం నాకు నచ్చదు.

2022 చివర్లో యూజీసీ నిబంధన మార్చింది. నాలుగేళ్ళ డిగ్రీ 75 శాతంతో పాసైతే ఎమ్మెస్సీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హులు. మంచిదే, అయితే నన్నడిగితే చిన్న కాలేజీ పిల్లలు తొందరపడొద్దు. పేరున్న చోట రెండేళ్ళ ఎమ్మెస్సీ మన పిల్లలకి అదనపు ఖర్చు కాదు, పునాది. మా అమ్మాయికి ఆ రెండేళ్ళలోనే రూడిన్ అనాలిసిస్ పుస్తకం నిజంగా అర్థమైంది. పీహెచ్‌డీకి ముంబై వెళ్ళి, 2021లో అక్కడే థీసిస్ సమర్పించింది. పంపిన కాపీలో మొదటి పేజీ కృతజ్ఞతల్లో కర్రీ పాయింట్ ఉంది, కారిడార్ ఉంది, రాములు పేరు కూడా ఉంది. రాములుకి చూపించాను. ‘నేనేం చేసిన మేడమ్, చీపురు ఆపిన’ అన్నాడు.

తోటి లెక్చరర్లకి ఒక విన్నపం. ఈ డిసెంబర్లో పిల్లలెవరైనా ఉత్తరం అడిగితే పాత ఫైల్లోంచి పేరు మార్చి ప్రింట్ తీయకండి. ఆ పిల్ల అడిగిన ప్రశ్న ఒక్కటి గుర్తుందా? ఉంటే అది రాయండి. లేకపోతే ఉత్తరం రాయలేనని చెప్పి, ఇంకా రోజులుండగానే వేరేవాళ్ళ దగ్గరికి పంపండి.

తల్లిదండ్రులకి: మీ ఇంట్లో అన్నం చల్లారిపోతున్నా ఒకే లెక్క పట్టుకుని కూర్చునే పిల్ల ఉంటే నా దగ్గరికి పంపించండి. ఆదివారం తప్ప రోజూ సాయంత్రం ఐదు తర్వాత చిక్కడపల్లి లైబ్రరీలో ఉంటాను. మార్కుల మెమో అక్కర్లేదు, రఫ్ నోటుబుక్కు తెమ్మనండి.